ముక్కు కోసం వేసుకున్న మాత్ర ముక్కు దగ్గరే ఆగదు

(ఆరోగ్య అవగాహన సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్న జలుబు మందులు ఏవైనా సరే, వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి అని ముందే చెప్పించాను. చాలామంది తెచ్చారు, చేతుల్లో కనిపిస్తున్నాయి. సంతోషం. ఇప్పుడే చదవకండి. ఒళ్లో పెట్టుకోండి. వాటితో చివర్లో పని ఉంది.

మా నాన్నగారి సంగతి చెప్పి మొదలుపెడతాను. అప్పటికి ఆయనకి 70 దాటాయి. ప్రొస్టేట్ గ్రంథి కాస్త పెరిగింది. రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేవాల్సి వచ్చేది, అంతకు మించి ఇబ్బంది లేదు. ఒకసారి జలుబు చేసింది. ముక్కు బిగుసుకుపోయి నిద్ర పట్టడం లేదని ఇంట్లో ఉన్న మాత్ర సాయంత్రం ఒకటి, పడుకునే ముందు ఒకటి వేసుకున్నారు. నాకు చెప్పలేదు. ఎందుకు చెప్తారు? జలుబు మాత్రే కదా! కొడుకు డాక్టరే అయినా, పక్క గదిలోనే ఉన్నా, జలుబు మాత్రకి కూడా ఎవరైనా అడుగుతారా?

తెల్లవారుజామున నాలుగింటికి నా గది తలుపు తట్టారు. తీసి చూస్తే గోడ పట్టుకుని ముందుకి వంగి నిలబడి ఉన్నారు. నుదుటి నిండా చెమట. "రావడం లేదురా" అన్నారు, అంతే. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గట్టిగా, గుండ్రంగా తగిలింది. ఆస్పత్రికి తీసుకెళ్లి గొట్టం వేయిస్తే సంచిలోకి దాదాపు లీటరు మూత్రం వచ్చింది. నెప్పి దిగిపోయాక ఆయన ఊపిరి వదిలిన తీరు నాకింకా గుర్తుంది.

ఇంటికి వచ్చాక ఆ స్ట్రిప్ తిప్పి చూశాను. వెండి రంగు రేకు, దాని మీద చీమ తలకాయంత అక్షరాలు. లైటు కింద పెడితే రేకు మెరిసి అక్షరం కనపడదు. కిటికీ దగ్గర నిలబడి అటూ ఇటూ వంచి చదివాను. పారాసిటమాల్. క్లోర్‌ఫెనిరమైన్. సూడోఎఫెడ్రిన్. ఆయన ఒక మాత్ర వేసుకున్నాను అనుకున్నారు. వేసుకున్నది మూడు మందులు. అందులో ముక్కు దిబ్బడకి వేసే సూడోఎఫెడ్రిన్ మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని బిగించింది, తుమ్ములకి వేసే క్లోర్‌ఫెనిరమైన్ మూత్రాన్ని బయటికి నెట్టే కండరాన్ని నెమ్మదింపజేసింది. ఒకటి తలుపు వేసింది, ఇంకొకటి తోసేవాడి బలం తీసేసింది. ముందే ప్రొస్టేట్ నొక్కుతున్న మనిషికి ఈ రెండూ చాలు.

ముక్కు కోసం వేసుకున్న మాత్ర మూత్రాశయం దగ్గరికి ఎందుకు వెళ్లింది? ఇదొక్కటి అర్థమైతే ఇవాళ నేను చెప్పబోయేదంతా అర్థమైనట్టే.

ముక్కు దిబ్బడ అంటే ఏమిటండీ? ఎవరైనా చెప్పండి. చీమిడి అడ్డుపడటం అంటున్నారు. అలాగే అనిపిస్తుంది. కానీ మీరే గుర్తుచేసుకోండి. గట్టిగా చీదుతాం, మళ్లీ చీదుతాం, చెవులు గుయ్యిమంటాయి, ఏమీ రాదు. అయినా ముక్కు తెరుచుకోదు. ఎందుకని? లోపల దారి మూసింది చాలావరకు చీమిడి కాదు, వాపు. ముక్కు లోపల పక్కగోడలకి మెత్తటి మడతలు ఉంటాయి. ఆ మడతల పొర కింద స్పాంజి లాంటి రక్తనాళాలు ఉంటాయి. స్పాంజి నీళ్లు పీల్చుకున్నట్టు అవి రక్తంతో నిండుతాయి, ఖాళీ అవుతాయి. జలుబు చేసినప్పుడు అవి ఉబ్బి, గాలి పోయే దారిని మూసేస్తాయి. పడుకుంటే తలలోకి రక్తం ఇంకొంచెం చేరుతుంది, అందుకే రాత్రి దిబ్బడ ఎక్కువ.

డీకంజెస్టెంట్ అనే మందు చేసే పని ఒక్కటే. ఆ నాళాలని బిగిస్తుంది. పిండిన స్పాంజిలా అవి చిన్నవవుతాయి, గాలికి దారి దొరుకుతుంది. వైరస్‌ని చంపదు. జలుబుని ఒక్క రోజు కూడా తగ్గించదు. దారి తీస్తుంది, అంతే. అది చిన్న విషయం అనను, ముక్కు మూసుకుపోయిన రాత్రి ఎంత నరకమో నాకూ తెలుసు. కానీ మాత్ర ముక్కులోకి వెళ్లదు కదా! కడుపులోకి వెళ్తుంది, రక్తంలో కలుస్తుంది, ఒళ్లంతా తిరుగుతుంది. ముక్కు ఎక్కడుందో దానికి తెలియదు. మనకి భయం వేసినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ ఏ మీటలు నొక్కుతుందో, ఈ మందు కూడా ఆ మీటలే నొక్కుతుంది. ఆ మీటలు ముక్కులో ఉన్నాయి. గుండెలో ఉన్నాయి. చేతుల్లో, కాళ్లలో, కిడ్నీల్లో, మెదడులో ఉన్న రక్తనాళాల్లో ఉన్నాయి. కంటిపాపలో ఉన్నాయి. మూత్రాశయం మెడ దగ్గర ఉన్నాయి. అందుకే కొందరికి ఈ మాత్ర వేసుకున్న రాత్రి గుండె దడ, చేతుల వణుకు, ఊరికే టెన్షన్, నిద్ర పట్టకపోవడం. జలుబు వల్ల నిద్ర పట్టలేదు అనుకుంటారు. చాలాసార్లు మాత్ర వల్లే పట్టదు.

మూడు పేర్ల కథ

ఇప్పుడు మూడు పేర్లు చెప్తాను. నోరు తిరగని పేర్లే, అయినా ఓపిక పట్టండి. ఫినైల్‌ప్రొపనోలమైన్. సూడోఎఫెడ్రిన్. ఫినైలెఫ్రిన్. గత కొన్ని దశాబ్దాల్లో జలుబు మాత్రలు ఈ మూడింటి చుట్టూనే తిరిగాయి.

మొదటిది ఫినైల్‌ప్రొపనోలమైన్. ఏళ్ల తరబడి జలుబు మాత్రల్లోనూ, కొన్ని దేశాల్లో ఆకలి చంపి బరువు తగ్గించే మాత్రల్లోనూ వాడారు. డాక్టరు చీటీ లేకుండానే అమ్మారు. ఇది వేసుకున్న తర్వాత మెదడులో రక్తస్రావం అయిందని అక్కడొకటి ఇక్కడొకటి కేసులు వైద్య పత్రికల్లో వస్తూ ఉండేవి. వాటిలో కొందరు పడుచువాళ్లు, పక్షవాతం వచ్చే వయసు కాదు. కాకతాళీయమా, మందు వల్లా? తేల్చడానికి అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు మెదడులో రక్తస్రావం అయిన 18 నుంచి 49 ఏళ్ల లోపు రోగులు 702 మందిని, వాళ్లతో పోల్చడానికి 1376 మందిని తీసుకుని అధ్యయనం చేశారు. 2000లో ఫలితం వచ్చింది. ఆకలి తగ్గే మాత్రగా ఇది వాడిన ఆడవాళ్లలో మెదడు రక్తస్రావం ముప్పు సుమారు 16 రెట్లు. ఆ సంవత్సరం నవంబరులోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఈ మందు ఉన్న ఉత్పత్తులన్నీ ఆపేయమని కంపెనీలని కోరింది. భారతదేశంలో నిషేధం 2011లో వచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. అలాంటి రక్తస్రావం చాలా అరుదు. వేసుకున్న ప్రతివాళ్లకీ రాలేదు, లక్షల మంది వేసుకుని హాయిగా ఉన్నారు. మరి ఎందుకు తీసేశారు? ఎందుకంటే తూకంలో రెండో పక్కన ఉన్నది జలుబు. దానంతట అది వారం పది రోజుల్లో పోయే జలుబు. కేన్సర్ మందుకి ప్రమాదం ఉంటే ఒప్పుకుంటాం, అవతల ప్రాణం ఉంది కాబట్టి. ముక్కు దిబ్బడకి ఎంత ప్రమాదం ఒప్పుకోవాలి? మిగతా రెండు మందుల గురించి వినేటప్పుడు కూడా ఈ ప్రశ్న మనసులో పెట్టుకోండి.

రెండోది సూడోఎఫెడ్రిన్. నిజం చెప్పాలంటే మూడింటిలో ఇది పనిచేసే మందే. దిబ్బడ తగ్గిస్తుంది, అందులో అనుమానం లేదు. బీపీ సంగతి చూస్తే, అధ్యయనాలన్నీ కలిపి లెక్కేసినప్పుడు పై అంకె సగటున 1 మిల్లీమీటరు మాత్రమే పెరిగింది, గుండె వేగం నిమిషానికి సుమారు 3 పెరిగింది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అది సగటు. సగటులో అందరూ కలిసిపోతారు. ఏమీ పెరగనివాళ్లూ, బాగా పెరిగినవాళ్లూ ఒకే అంకెలో దాక్కుంటారు. మీరు ఏ పక్క ఉన్నారో ఆ అంకె చెప్పదు. ముందే బీపీ అదుపులో లేని మనిషి ఆ సగటు చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుని మళ్లీ తిరగేసింది. కారణం, మెదడులో రక్తనాళాలకి సంబంధించిన రెండు అరుదైన జబ్బుల కేసులు. ఒకదానిలో మెదడు వెనక భాగం వాస్తుంది, ఇంకోదానిలో మెదడు రక్తనాళాలు ఉన్నట్టుండి ముడుచుకుపోతాయి. 2023 చివర్లో సమీక్ష ముగించి, బీపీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లు, మందులు వాడినా బీపీ అదుపులో లేనివాళ్లు, తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు అసలు వాడకూడదని తేల్చింది. ఫ్రాన్స్ ఇంకొక అడుగు ముందుకు వేసి, 2024 డిసెంబరు నుంచి డాక్టరు చీటీ లేనిదే నోటి ద్వారా తీసుకునే సూడోఎఫెడ్రిన్ ఇవ్వకూడదంది.

ఆ జబ్బుల లక్షణాలు చెప్తాను, ఇవి మాత్రం రాసుకోండి. ఉన్నట్టుండి, పిడుగు పడినట్టు తలనెప్పి. మామూలు జలుబు తలనెప్పి కాదు, జన్మలో ఎప్పుడూ రానంత. దానితో వాంతులు, చూపు మసకబారడం, తికమకగా మాట్లాడటం, ఫిట్స్. జలుబు మందు వాడుతుండగా ఇలా వస్తే మందు ఆపి వెంటనే ఆస్పత్రికి. "పొద్దున చూద్దాం" అనొద్దు. త్వరగా పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు.

ఇంకో సంగతి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ చూసినవాళ్లు ఉన్నారా? రొమేనియా అమ్మాయి ఆండ్రియా రదుకాన్, 16 ఏళ్లు, జిమ్నాస్టిక్స్‌లో బంగారు పతకం గెలిచింది. జలుబుగా ఉందని జట్టు డాక్టరే మాత్ర ఇచ్చాడు. అందులో సూడోఎఫెడ్రిన్ ఉంది. ఆ పతకం తీసేసుకున్నారు. ఆ పిల్ల తప్పేముంది? ఏమీ లేదు. నేను ఎందుకు చెప్తున్నానంటే, క్రీడల నియమాల్లో ఈ మందు ఉత్తేజకాల జాబితాలో ఉంది. మధ్యలో కొన్నేళ్లు తీసేసి 2010లో మళ్లీ చేర్చారు. మనం మాత్రం దాన్ని "జలుబు గోలీ" అంటాం. మీ ఇంట్లో పోటీలకి వెళ్లే పిల్లలు ఉంటే గుర్తుంచుకోండి.

మూడోది ఫినైలెఫ్రిన్. ఇది ఎలా వచ్చిందో చూడండి. సూడోఎఫెడ్రిన్ నుంచి మెథాంఫెటమిన్ అనే మత్తుమందు తయారుచేయొచ్చు. దొంగచాటుగా మాత్రలు గుట్టలుగా కొని వండేవాళ్లు. అందుకని అమెరికాలో 2006 నుంచి దాన్ని షాపు అరల మీద నుంచి తీసి కౌంటరు వెనక పెట్టారు, గుర్తింపు కార్డు చూపించి, సంతకం పెట్టి, లెక్క ప్రకారం కొనాలి. అరలో ఖాళీ అయిన చోటుని ఫినైలెఫ్రిన్ నింపింది. అంటే బాగా పనిచేస్తుందని వచ్చిన మందు కాదిది. దానితో మత్తుమందు వండలేరు కాబట్టి వచ్చింది. డబ్బా అదే, పేరు దాదాపు అదే, లోపల మందు మారిపోయింది. ఎంతమంది గమనించారు?

మరి ఇది పనిచేస్తుందా? ముక్కులోకి చుక్కలుగా వేస్తే పనిచేస్తుంది. నోటితో మింగితే, పేగు గోడల్లోనూ లివర్‌లోనూ చాలావరకు విరిగిపోతుంది. ముక్కు దాకా చేరేది చాలా తక్కువ. మామూలు మోతాదు 10 మిల్లీగ్రాములైతే 40 దాకా ఇచ్చి చూశారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగేమీ కనపడలేదు. 2023 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ సలహా సంఘంలో 16 మంది ఓటేశారు. 16కి 16 మందీ నోటితో తీసుకునే ఫినైలెఫ్రిన్ పనిచేస్తుందనడానికి ఆధారాలు లేవన్నారు. 2024 నవంబరులో ఎఫ్‌డీఏ దీన్ని చీటీ లేని మందుల జాబితా నుంచి తీసేయాలని ప్రతిపాదించింది. భద్రత గురించి కాదు, పనిచేయదని.

పనిచేయకపోతే హాని కూడా ఉండదు కదా అని ఎవరైనా అనొచ్చు. నేను ఒప్పుకోను. ముందుగా, ఒక మాత్ర పనిచేయలేదని ఇంకోటి వేసుకుంటాం, చాలాసార్లు ఆ రెండింటిలోనూ పారాసిటమాల్ ఉంటుంది, తెలియకుండానే దాని మోతాదు పెరిగిపోతుంది. ఇంకొక విషయం, పారాసిటమాల్‌తో కలిపి ఇచ్చినప్పుడు రక్తంలోకి చేరే ఫినైలెఫ్రిన్ కొన్ని రెట్లు పెరుగుతుందని తేలింది. ఆ రెండూ కలిసి ఉండే మాత్రలే ఎక్కువ. డిప్రెషన్‌కి వాడే ఎమ్ఏఓ ఇన్హిబిటర్లు అనే పాత రకం మందులు ఉన్నాయి. ఫినైలెఫ్రిన్‌ని విరగ్గొట్టే ఎంజైమునే అవి ఆపేస్తాయి. అప్పుడు చాలా ఎక్కువ మందు రక్తంలోకి వచ్చి బీపీ ప్రాణాపాయం దాకా ఎగబాకొచ్చు. ఆ మందులు ఆపిన తర్వాత కూడా 14 రోజుల దాకా ఏ డీకంజెస్టెంటూ వేసుకోకూడదు. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకి ఇచ్చే సెలెజిలిన్, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్లు కూడా అడగకుండా ముట్టుకోవద్దు.

ఇంకా ఎవరు జాగ్రత్తపడాలి? గుండెజబ్బు ఉన్నవాళ్లు, ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్లు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవాళ్లు, కంటిలో ఒత్తిడి పెరిగే గ్లకోమా జబ్బులో, కోణం ఇరుకుగా ఉండే రకం ఉన్నవాళ్లు, గర్భిణులు. ప్రొస్టేట్ సంగతి చెప్పాను. అయ్యా, మీ వయసు వాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు, అందుకే మళ్లీ చెప్తున్నాను. రాత్రిళ్లు ఎక్కువసార్లు లేస్తున్నారా? ధార సన్నబడిందా? అయితే జలుబు మాత్ర మీకు మామూలు మాత్ర కాదు.

స్ప్రేలు, చుక్కలు

మాత్ర ఒళ్లంతా తిరుగుతోంది కాబట్టి ముక్కులోనే కొట్టుకుంటే సరి అనిపిస్తుంది. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ అని ఉంటాయి. నిజమే, ఒళ్లంతా పాకేది తక్కువ, నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. అంత త్వరగా తెరుచుకోవడమే చిక్కు తెస్తుంది. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు. అది దాటితే రక్తనాళాలు ఎదురు తిరుగుతాయి. మందు దిగగానే మునుపటి కన్నా ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ కొడతాం. ఆరు గంటలు ఆగేది నాలుగు గంటలే ఆగుతుంది, తర్వాత రెండు గంటలు. నా దగ్గరికి వచ్చిన ఒకాయన చొక్కా జేబులో ఒకటి, బండిలో ఒకటి, తలగడ కింద ఒకటి పెట్టుకునేవారు. నాలుగేళ్లుగా. "నాకు తగ్గని జలుబండీ" అన్నారు. జలుబు నాలుగేళ్ల కిందటే పోయింది. అప్పటి నుంచీ ఉన్నది స్ప్రే తెచ్చిన దిబ్బడ. ఒక పక్క ముక్కులో ముందు ఆపించాం, తర్వాత రెండో పక్క, స్టిరాయిడ్ స్ప్రే సాయంతో. కొన్ని వారాలు పట్టింది. చాలా కష్టపడ్డారు పాపం, కానీ బయటపడ్డారు.

పిల్లలున్న ఇళ్లలో ఈ సీసాల సంగతి వేరుగా చెప్పాలి. అమ్మా, ఇది వినండి. ఎర్రబడిన కళ్లకి వేసే కొన్ని చుక్కల్లో కూడా ఇదే జాతి మందు ఉంటుంది. చిన్నపిల్లలు ఆడుకుంటూ ఇలాంటి సీసా నోట్లో పెట్టుకుని తాగేసిన కేసులు 96 ఉన్నాయని 2012లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అందరూ నెల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు. ఎంత తాగితే ప్రమాదం? 1 లేదా 2 మిల్లీలీటర్లు. టీస్పూనులో సగం కూడా కాదు. పిల్ల మగతగా పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి తగ్గుతుంది. "ముక్కు చుక్కలే కదా" అని తలగడ పక్కన పెట్టుకోకండి. పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి.

పసిపిల్లలకి జలుబు సిరప్‌లు, నోటి చుక్కలు అసలు వద్దు. రెండేళ్ల లోపు వాళ్లకి ఇవ్వొద్దని 2008 జనవరిలో ఎఫ్‌డీఏ చెప్పింది. ఆ ఏడాదే కంపెనీలు నాలుగేళ్ల లోపు వాళ్లకి వద్దని లేబుల్ మార్చాయి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని భారత ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. మరి పాప ఊపిరాడక ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోవాలా అంటారు. ఉప్పునీటి చుక్కలు వేయండి. మందుల షాపుల్లో సెలైన్ చుక్కలని దొరుకుతాయి. చీమిడి మెత్తబడ్డాక దాన్ని పీల్చే రబ్బరు బల్బుతో నెమ్మదిగా తీయండి. పాలు పట్టే ముందు చేస్తే పిల్ల హాయిగా తాగుతుంది. పాలు తాగకపోయినా, పక్కటెముకలు లోపలికి లాగుతున్నట్టు కనిపించినా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

పెద్దవాళ్లకీ సెలైన్ బాగానే ఉంటుంది. ముక్కు కడిగే నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే వాడండి, పంపు నీళ్లు వద్దు. తల కాస్త ఎత్తున పెట్టి పడుకోండి. జ్వరం, ఒళ్లునెప్పులు ఉంటే ఒట్టి పారాసిటమాల్, లెక్క ప్రకారం. తుమ్ములకి వేరే మందు, దిబ్బడకి వేరే మందు. ఏ బాధకి ఆ మందు. నాలుగు బాధలకి కలిపి ఒకే మాత్ర అంటే, లేని బాధలకి కూడా మందు మింగుతున్నట్టే. దిబ్బడ మరీ భరించలేకుండా ఉండి, ఇందాక చెప్పిన జబ్బులేవీ లేకపోతే, ఒకటి రెండు రాత్రులు స్ప్రే కొట్టుకోండి, నేనూ కొట్టుకుంటాను. మూడో రోజు సీసా లోపల పెట్టేస్తాను.

సరే. ఇప్పుడు మీరు తెచ్చినవి తీయండి. స్ట్రిప్ ముందు వైపు వద్దు, పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, అది వదిలేయండి. వెనక్కి తిప్పండి. కళ్లజోడు లేనివాళ్లు ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. చిన్న అక్షరాల్లో మందుల పేర్లు వరసగా ఉంటాయి, పక్కన మిల్లీగ్రాములు ఉంటాయి. ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టండి. రెండు స్ట్రిప్‌లు తెచ్చినవాళ్లు, రెండింటిలోనూ ఒకే పేరు ఉందేమో చూడండి. మీరు రోజూ వాడే బీపీ మందులు, షుగరు మందుల పేర్లు కూడా ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. తొందరేమీ లేదు, నేను ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను. ఆ కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయనతో మొదలుపెడదాం. అయ్యా, మీ చేతిలో ఉన్నది చదవండి, మొదటి పేరు ఏముంది?